చేతులెత్తమన్న రోజు

ఆ రోజు సంగతి ఎత్తితే మా చిన్నమ్మ ఇప్పటికీ "ఏ, పోనియ్యే" అంటుంది. పోనివ్వడం నాకు చేతకాదు. అలాగని ఏడుపూ రాదు. పన్ను పీకించుకున్నాక బుగ్గ మొద్దుబారి, తాకితే మనది కాదనిపిస్తుందే, అలా ఉంటుంది. అంతే.

మాది ఖాజాగూడ. నా చిన్నప్పుడే అమ్మ పోతే చిన్నమ్మే పెంచింది. పెళ్లయ్యాక నేను మదీనాగూడలో కిరాయింట్లో ఉండేదాన్ని, హైటెక్ సిటీలో ఒక కంపెనీలో టెస్టింగ్ చేసేదాన్ని. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. ఆఫీసు అయిపోగానే షేరాటో ఎక్కి చిన్నమ్మ దగ్గరికి పోయేదాన్ని. రోడ్డు పక్కన దీక్ష టెంటులో ఆమె పక్కన కాసేపు కూర్చుంటే తప్ప ఇంటికి పోబుద్ధయ్యేది కాదు.

చిన్నమ్మ బస్తీ మహిళా సంఘానికి లీడరు. ర్యాలీకి ఆడవాళ్లు కావాలంటే ఆమె గడప గడప తిరగాల్సిందే. తిరిగేది కూడా. "ఓ వదినె, పొయ్యి ఆర్పు, చెప్పులేస్కో" అని ఒక్క కేక వేస్తే గల్లీ గల్లీ కదిలొచ్చేది. టెంటులో నిరాహారంగా కూర్చునేది ఆడవాళ్లు. ఎండలో నడిచేది ఆడవాళ్లు. ఎప్పుడు కూర్చోవాలో, ఎటు నడవాలో మాత్రం ఉద్యమ కమిటీ చెప్పేది. కమిటీలో ఒక్క ఆడమనిషి లేదు. వాళ్లు కలిసేది కన్వీనరు గారి ప్లాట్ల ఆఫీసులో. అక్కడ మాటలయ్యాక సీసాలు తెరిచేవాళ్లు కాబట్టి ఆడవాళ్లు అటు తొంగి కూడా చూసేవాళ్లు కాదు.

ఒకసారి ఆ కమిటీ రోడ్డు మీద వంటావార్పు పెట్టింది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తిని రాస్తారోకో చేయడమన్నమాట. బాగానే ఉంది. కాని సరిగ్గా మా బస్తీకి నల్లా వచ్చే రోజు పెట్టారు. నల్లా వచ్చేది రోజు విడిచి రోజు. ఆడవాళ్లంతా రోడ్డు మీద వందల మందికి వండి పెట్టి ఇంటికొచ్చేసరికి నీళ్లు బందయ్యాయి. ఒక్కరింట్లోనూ బిందె నిండలేదు.

ఆ సాయంత్రం చిన్నమ్మ కన్వీనర్ని టెంటు దగ్గరే నిలబెట్టింది.

"తమ్మీ, నల్లా ఎప్పుడొస్తదో మీకు తెల్వదు. తెల్వకపోతె తప్పులేదు. అడగాలె గద? కమిటీల సగం సీట్లు మాకియ్యుండ్రి."

ఆయన నవ్వాడు. మంచివాడే, చిన్నమ్మంటే గౌరవం కూడా. "అక్కా, ఢిల్లీలనే మహిళా బిల్లు ఆగింది. ఒక సభల పాసయ్యి ఇంకో సభల పండవెట్టిన్రు. గంత పెద్ద పార్లమెంటుకు గానిది మన ఖాజాగూడకెట్లయితది?"

"ఆళ్లు మూడోవంతుకే పరేషానవుతున్నరు. నేను సగమడుగుతున్న. ఆళ్లకంటె ముందు మనమే జేద్దం, ఏమాయె?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. చిన్నమ్మ నవ్వలేదు. ఆమెకు అది వేళాకోళం కాదు. రాష్ట్రం వస్తే ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఇప్పుడే తేలిపోతుందని ఆమె భయం. "ఇప్పుడు దొరకని కుర్చీ రేపేం దొరుకుతదే?" అని నన్నే అడిగేది.

చివరికి కన్వీనరు ఒక మాటకొచ్చాడు. బతుకమ్మను రోడ్డు మీద ఆడబోతున్నాం కదా, ఆ రోజు ఆడవాళ్లంతా వస్తారు, అందరి ముందూ చేతులెత్తిద్దాం, ఎక్కువ చేతులు ఎటుంటే అటే. చిన్నమ్మ మురిసిపోయింది. ఆడవాళ్లే ఎక్కువ వస్తారాయె! ఇంటింటికీ పోయి చెప్పొచ్చింది. నేను సెలవు పెట్టాను.

ఆ రోజు ఎవరి బతుకమ్మ వాళ్లు ఎంత పెద్దగా పేర్చారంటే, తాంబాళాల్లో పట్టలేదు. అడుగున తంగేడు, మీద గునుగు, బంతి, కొసన పసుపు గౌరమ్మ. రెండు చేతులూ పెట్టి పట్టుకుంటే తప్ప నిలవవు. నేను ఆఫీసు మనిషిని కదా, పువ్వులు కోసే తీరిక లేక ఉత్త చేతులతో వచ్చానని చిన్నమ్మ తిట్టింది కూడా. చౌరస్తాలో అలుకు చల్లి ముగ్గేసిన చోటు ఉంది. బతుకమ్మలను అక్కడే దించాలి, మధ్యలో ఎక్కడా పెట్టకూడదు. చౌరస్తా ఇంకా కొంచెం దూరం ఉందనగా పోలీసులు కంచె అడ్డం పెట్టి ఆపేశారు.

తోపులాట మొదలైంది. డీసీఎం వ్యాను మీద నిలబడ్డ కన్వీనరు కంగారుపడ్డాడు. "పోలీసోళ్లు మైకు గుంజుకునేటట్టున్నరు, పనులు జల్ది కానిద్దం" అన్నాడు. మిగిలిన తీర్మానాలు చదివేసి దీనికొచ్చాడు. "కమిటీల సగం సీట్లు ఆడోళ్లకియ్యాలన్నోళ్లు చేతులెత్తుండ్రి."

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరి చేతుల్లో గౌరమ్మ. కింద పెడదామంటే డాంబరు మీద మట్టి, ఆయిలు మరకలు, ఉమ్ములు. "మేమొప్పుకుంటం!" అని ముందు వరసలోంచి ఒకామె అరిచింది. వెనకాల అందరూ అందుకున్నారు. ఆ అరుపు నా చెవుల్లో ఇంకా ఉంది.

"నోటితోటి చెప్తె లెక్కగాదమ్మా. చేతులెత్తాలె. గట్లనే అనుకున్నం."

చిన్నమ్మ పక్కామెకు ఇద్దామని చూసింది, ఆమె చేతులూ ఖాళీ లేవు. అప్పుడు నేరుగా కంచె దగ్గరికి పోయి, అవతల నిలబడ్డ లేడీ కానిస్టేబులు చేతుల్లో తన బతుకమ్మను పెట్టేసింది. "జర పట్టు బిడ్డా." ఆ పిల్ల బిత్తరపోయింది. గౌరమ్మను వద్దంటే పాపం కదా, లాఠీ చంకలో ఇరికించుకుని పట్టుకుంది. చిన్నమ్మ చెయ్యెత్తింది. నేనెప్పుడో ఎత్తాను.

వ్యాను మీద నుంచి ఒకాయన నన్ను చూసి, "ఆ పిల్లది లెక్కగాదన్నా, పెండ్లయి మదీనాగూడ పాయె" అన్నాడు. ఓరి నీ! నేను పుట్టింది ఇక్కడరా అని అరిచాను. మైకు ముందు నా గొంతెంత?

"వద్దన్నోళ్లు?" అన్నాడు కన్వీనరు. మగవాళ్ల చేతులు ఖాళీగానే ఉన్నాయి. లేచాయి. అయిపోయింది.

ఆయన కావాలనే చేశాడని తర్వాత బస్తీలో చాలామంది అన్నారు. నేనలా అనుకోను. మా చేతుల్లో ఏముందో ఆయన చూడనేలేదు. కావాలని చేసుంటే తిట్టి కడుపు చల్లబరచుకునేదాన్ని. చిన్నమ్మ మాత్రం కానిస్టేబులు దగ్గర నుంచి బతుకమ్మను తీసుకుని, కొంగుతో తాంబాళం అంచులు తుడిచి, కంచె తీశాక చౌరస్తాకు పోయి ఆడింది. ఆమె చప్పట్లు కొడుతుంటే నేను పక్కన నిలబడి చూశాను. ఏమీ అనిపించలేదు.

మరునాడు ఆఫీసులో మా టీమ్ లీడుకు చెప్పాను. ఆమెది కడప వైపు. రాష్ట్రం విడిపోకూడదని గట్టిగా వాదించేది, మాకు ఆ విషయంలో మాటల్లేవు. అంతా విని, టీ కప్పు పక్కన పెట్టి, "మా తట్టు కూడా అంతేలేమ్మా" అంది. మళ్లీ ఇద్దరం స్క్రీన్ల వైపు తిరిగాం.

ఆ తర్వాత కూడా కమిటీ ఏ రోజంటే ఆ రోజు చిన్నమ్మ ఆడవాళ్లను తీసుకుపోయింది. నల్లా రోజైనా సరే. "ఎందుకు పోతవే?" అంటే, "తెలంగాణ ఆళ్లది ఒక్కలదేనా?" అని నా మీదే కస్సుమనేది. నిజమే. ఆమెకు రాష్ట్రం కావాలి. ఆ సంగతి వాళ్లకూ తెలుసు.

లోక్‌సభలో రాష్ట్రం బిల్లును ఓటుకు పెట్టిన మధ్యాహ్నం మేమంతా చిన్నమ్మ ఇంట్లో టీవీ ముందున్నాం. ఉన్నట్టుండి సభ లోపలి ప్రసారం ఆగిపోయింది. కాసేపటికి కింద అక్షరాలు పరుగెత్తాయి, బిల్లు పాసైందని. మూజువాణి ఓటుతో. బయట పటాకులు మొదలయ్యాయి. చిన్నమ్మ నన్ను పట్టుకుని భోరున ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని అడిగింది.

"మూజువాణి అంటె ఏందే?"

"చేతులెత్తేది లేదు చిన్నమ్మా. ఒప్పుకున్నోళ్లు గట్టిగ అవునంటరు. గా గొంతులు విని పాసంటరు."

"నోటితోటి చెప్తె సరిపోయిందా?"

నేను తలూపాను. చిన్నమ్మ లేచిపోయి మొహం కడుక్కుంది.

సాయంత్రం కన్వీనరు మిఠాయి డబ్బాతో వచ్చాడు. ఆమె కాళ్లకు మొక్కి, చౌరస్తాలో సభ ఉందని, స్టేజీ మీదికి ఆడవాళ్ల తరఫున ఆమె రావాలని అన్నాడు.

"మాట్లాడనిస్తవా తమ్మీ?"

"టైమెక్కడుందక్కా? పెద్దోళ్లు శానమంది వస్తున్నరు. ఇయ్యాల సంతోషపడే రోజు, నువ్వట్ల నిలవడు చాలు."

ఆయన పోయాక చిన్నమ్మ బీరువా తెరిచి పట్టుచీర తీసింది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "పోకు చిన్నమ్మా. ఫోటోకు పిలుస్తున్రు నిన్ను. నీకు సిగ్గనిపిస్తలేదా?" అన్నాను. అరిచాననే చెప్పాలి.

ఆమె కుచ్చిళ్లు సర్దుకుంటూనే ఉంది. తల కూడా ఎత్తలేదు.

"ఇయ్యాల ఇంట్ల కూసుంటె, నేను అసలు ఎన్నడూ రాలేదంటరు బిడ్డా" అంది. "జర్రా పక్కకు జరుగు."

నేను జరిగాను.