ఆ పసుపు కెమెరాది కాదు

మొన్న మంగళవారం పొద్దున మా ల్యాబ్ మాస్టారు పోయారని వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయారట. "డాక్టరు సరిగ్గా చూశారా?" అని అడిగాను. ఆయన దగ్గర అయిదేళ్లు పనిచేసినవాళ్ల నోట ముందు అనుమానమే వస్తుంది.

తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరు రైల్లో ఏలూరు వెళ్లి, ఆయన కలర్ ల్యాబ్‌లో కంప్యూటర్ మీద ఫొటోల రంగులు సరిచేసేదాన్ని. డిజిటల్ కెమెరాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. మాస్టారు దేన్నీ నమ్మేవారు కాదు. మానిటర్‌ని అనుమానించేవారు. ట్యూబ్‌లైటుని అనుమానించేవారు. నేను ఎర్రచీర కట్టుకెళ్తే, ఆ ఎరుపు తెర మీద పడుతోందని కుర్చీ వెనక్కి జరిపించేవారు. పొద్దున తానే బాగుందన్న ప్రింటుని, మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చాక గుమ్మంలోకి తీసుకెళ్లి ఎండలో మళ్లీ చూసేవారు.

"తెర చెప్పిందల్లా నమ్మెయ్యకమ్మా. ముందు ఫొటోలో తెల్లగా ఉండాల్సిందేదో వెతుకు. అది తెల్లబడ్డాకే మొహం జోలికెళ్లు" అనేవారు.

నాకూ ఆయన మీద ఒక అనుమానం ఉండేది, నా పనిలో తప్పులు వెతకడం ఆయనకు సరదా అని.

ఉండి అనే ఊళ్లో మా అక్కావాళ్ల గృహప్రవేశం ఫొటోలు వచ్చిన రోజున అది కోపమైంది. బల్బుల వెలుగుకి ఫొటోలన్నీ పసుపెక్కి ఉన్నాయి. బావ చొక్కాను చూసుకుంటూ ఆ పసుపు తీసేశాను. చొక్కా తెల్లబడింది, బావ మొహం మామూలు రంగుకొచ్చింది. అక్క మొహం మాత్రం పచ్చగానే ఉంది. దాన్ని విడిగా సరిచేయబోతుంటే మాస్టారు వచ్చి నా వెనక నిలబడ్డారు.

"ఆగమ్మా. ఇద్దరూ ఒకే లైటు కింద కూర్చున్నారు కదా. ఈవిడొక్కరే ఎందుకిలా ఉన్నారు?"

"శుభకార్యం కదండీ మాస్టారూ, పసుపు రాసుకుంది."

ఆయన వంగి, అక్క మొహాన్ని తెరనిండా పెద్దది చేశారు.

"కళ్లక్కూడా రాసుకున్నారా?"

కళ్లలో తెలుపు ఉండాల్సిన చోట పసుపే ఉంది. "అలిసిపోయి ఉంటుందండీ" అన్నాను చిరాగ్గా. మాస్టారు నా చేతిలోంచి మౌస్ తీసేసుకున్నారు.

"ఇది నేను ప్రింట్ చెయ్యను. ముందు మీ బావగారికి ఫోన్ చెయ్యి."

చేశాను. పది రోజులుగా అక్కకి అన్నం సయించడం లేదని, ఇంటి పనుల అలసటేమో అనుకున్నామని బావ చెప్పాడు. ఆ సాయంత్రమే ఏలూరు ఆస్పత్రికి తీసుకొచ్చాడు. బాగా ముదిరిన కామెర్లు. ఇంకో వారం ఊరుకుని ఉంటే మనిషి దక్కేది కాదన్నారు డాక్టరు. అక్క మూడు వారాలు ఆస్పత్రి మంచం మీదే ఉంది.

తను ఇంటికి వెళ్లాక మాస్టారు ఆ ఫొటో మళ్లీ తెరిచారు. "ఇప్పుడు తియ్యొచ్చమ్మా" అంటూ ఆ పసుపు తనే తీశారు. తీస్తూ తీస్తూ ఆగి, "నిజంగా తేరుకున్నారా? నీ కళ్లతో చూశావా?" అని అడిగారు. చూశానండీ అన్నాను. నమ్మలేదు. ఆదివారం బస్సెక్కి ఉండిలో వాళ్లింటికి వెళ్లి, అక్కని చూసి, మజ్జిగ తాగి వచ్చారు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం మాస్టారిని మోసుకుంటూ జనాజా బయల్దేరినప్పుడు అక్కా నేనూ వాళ్లింటి ఆడవాళ్లతో పాటు గుమ్మంలో నిలబడ్డాం. బావ నెత్తికి రుమాలు కట్టుకుని, వాళ్లబ్బాయి పక్కన జనాజాకి భుజం పట్టాడు. నాలుగడుగులకొకసారి మనుషులు మారుతున్నారు. వెనక నుంచి ఎవరో బావ వీపు మీద తట్టారు, తానందుకుంటానని. ఆ పద్ధతి బావకి తెలియదు. వదలకుండా అలాగే సందు మలుపు తిరిగిపోయాడు.