బావ తప్పుకు నూట ఎనభై ఎనిమిది సైటేషన్లు

మా బావ నోట్లో నువ్వుగింజ నానదు. పైగా నిజం చెప్పడమంటే ఆయనకు దురద. ఉపగ్రహ సమాచార ఇంజనీరు. ఇరవై రెండేళ్లుగా పరిశోధన సంస్థ మేడ మీద ఒక డిష్ పెట్టుకుని, వాన పడినప్పుడల్లా ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్ ఎంత తగ్గుతోందో కొలుస్తున్నాడు. మబ్బు పడితే అందరూ ఆరేసిన బట్టల కోసం పరిగెడతారు, ఈయన డిష్ దగ్గరికి పరిగెడతాడు. ఈయన బట్టలు తియ్యడానికి మా అక్క పరిగెత్తాలి.

ఆ సంస్థలోనే నేను లైబ్రేరియన్‌ని. ఈ ఏడాది పైవాళ్లకు కొత్త పిచ్చి పట్టింది. ఎవరి పరిశోధన ఎంత ప్రభావం చూపిందో కొలవాలట! అంటే ఒకరి పేపరును ఎంతమంది తమ పేపర్లలో ఉదహరించారో లెక్కపెట్టడం. వాటినే సైటేషన్లంటారు. రెండు వందలు దాటనివాళ్ల గది ఖాళీ చేయించి, సామానంతా స్టోరుకు పంపేస్తారు. లెక్కపెట్టే పని నా నెత్తిన పడింది.

బావవి రెండు వందల ముప్ఫై ఒకటి తేలాయి. "గండం గడిచింది అక్కా" అని ఫోన్ చేశాను. తర్వాత బుద్ధి గడ్డి తిని, అవి ఏ పేపర్లకు వచ్చాయో చూశాను. నూట ఎనభై ఎనిమిది ఒక్క పేపరుకే. ఆ పేపరు తప్పు!

డిష్ మూతి మీద పలుచటి తొడుగు ఒకటి ఉంటుంది. వానకు అది తడిస్తే, ఆ తడి కూడా కొంత సిగ్నల్‌ను మింగేస్తుంది. కుర్రతనంలో బావ ఆ సంగతి మరిచి, మొత్తం నష్టాన్ని ఆకాశంలోని వాన నెత్తిన రుద్దాడు. మరుసటి ఏడాది తనే కనిపెట్టి, నేను పొరబడ్డానంటూ రెండు పేజీల సవరణ అచ్చేయించాడు. దాన్ని ఉదహరించినవాళ్లు సున్నా. తప్పు పేపరును మాత్రం సగంమంది తిట్టడానికి ఉదహరించారు, మిగతా సగం నిజమనుకుని వాడేసుకున్నారు. తిట్టినా పొగిడినా లెక్కలో ఒకటే.

ఆ సాయంత్రం అక్కా నేనూ ఆయన్ని వంటింట్లో కూర్చోబెట్టాం.

"రేపు ఆ లెక్కలు చూసే కమిటీవాళ్లు అడిగినదానికే జవాబు చెప్పండి. మీకు పుణ్యముంటుంది" అంది అక్క.

"అడక్కపోతే?"

"అడక్కపోతే నోరు మూసుక్కూర్చో బావా!" అన్నాను. "డిష్ దించేస్తే నీ ఇరవై రెండేళ్ల రికార్డు అక్కడితో తెగిపోతుంది. ఆ తర్వాత నువ్వెంత మొత్తుకున్నా, కొలవకుండా పోయిన వాన వెనక్కి రాదు."

ఆయన కళ్లు చెమర్చాయి. సరేనని తలూపాడు. అమ్మయ్య అనుకున్నాను. నా అంత వెర్రిది ఇంకెక్కడా ఉండదు.

మర్నాడు కాగితాలు అందించడానికి నేనూ కమిటీ గదిలోనే ఉన్నాను. అధ్యక్షుడు బయటి నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసరు. "రెండు వందల ముప్ఫై ఒకటి. బాగుంది, వెళ్లిరండి" అన్నాడు. బావ లేచాడు. తలుపు దాకా వెళ్లాడు. వెనక్కి తిరిగాడు!

"సార్, అందులో నూట ఎనభై ఎనిమిది తీసెయ్యండి. అవి నా తప్పుకొచ్చినవి."

నాకు ఒళ్లు మండిపోయింది. చేతిలో ఉన్న ఫైలు ఆయన నెత్తిన వెయ్యాలనిపించింది. ఆయన తీరిగ్గా మళ్లీ కూర్చుని తొడుగూ, తడీ, సవరణా అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు.

ప్రొఫెసరు ముఖం పాలిపోయింది. "మీ పేపర్లోని నష్టాల పట్టికనే నేను నా పేపర్లో వాడానయ్యా. తొమ్మిదేళ్లుగా పాఠం కూడా చెబుతున్నాను."

"తెలుసు సార్. అప్పట్లోనే మీకు రెండు ఉత్తరాలు రాశాను. అందాయని మీ ఆఫీసు నుంచి జవాబొచ్చింది."

ప్రొఫెసరు బావ కాగితాలు ముందుకు లాక్కున్నాడు.

"ఇప్పుడు నా లెక్కలు సరిచెయ్యాలంటే, తడి వేరుగా, వాన వేరుగా కొలిచిన రికార్డు ఎక్కడుంది?"

"మేడ మీద సార్. వచ్చే వారం నుంచి స్టోరులో ఉంటుంది."

ప్రొఫెసరు కలం మూత తీసి, ఆ డిష్‌ను ఎవరూ ముట్టుకోరాదని రాసి సంతకం పెట్టాడు.

నాలుగు నెలలకు ఆయన తన సవరణ అచ్చేయించాడు. అందులో మా బావ రాసిన రెండు పేజీల సవరణను ఉదహరించాడు. ఇన్నేళ్ల సున్నా ఒకటైంది. ప్రింటు తీసి బావ చేతిలో పెడితే, లైబ్రరీలో అందరి ముందూ భోరున ఏడ్చాడు. నాకూ ఏడుపాగలేదు.

కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటినుంచి చదివాడు. చదివి జేబులోంచి పెన్ను తీశాడు.

"రెండో పేజీలో ఒక అంకె తప్పు పడిందే. సార్‌కి ఉత్తరం రాయాలి."