వరదలో నా ఎడమ చెయ్యి పట్టుకున్నదెవరు?

మా చర్చిలో అందరి ముందు నిలబెట్టి అడిగినా ఇదే చెబుతాను. ఒక్క మాట కలపను... ఒక్క మాట తీసెయ్యను. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నాకు జరిగింది. విన్నవాళ్లలో సగం మంది నవ్వారు. మిగతా సగం నా భుజం తట్టి, "భయపడ్డవు బిడ్డా, అంతే" అన్నారు. భయపడ్డ మాట నిజమే. కానీ భయం వచ్చి మనిషి చెయ్యి పట్టుకుంటుందా? మీరే చెప్పండి.

నా పేరు సుగుణ. మేముండేది కిషన్‌బాగ్‌లో, మూసీకి దగ్గరగా ఉండే లోపలి గల్లీలో. పగలంతా పత్తర్‌గట్టిలో ఒక చీరల దుకాణంలో పని చేస్తాను. మా ఆయనది రైల్వేలో పట్టాల పని. ఆ వారం డ్యూటీ మీద వేరే ఊళ్లో ఉన్నాడు. ఇంట్లో నేనూ, మా అత్తమ్మా. అత్తమ్మకు మోకాళ్లు పూర్తిగా పోయాయి. గోడ పట్టుకుని బాత్రూం దాకా వెళ్లి రావడమే గొప్ప.

మే నెల. గోడ మీద చెయ్యి వేస్తే కాలుతోంది. రాత్రి అన్నాలు తిని, ఇంట్లో ఉండలేక బయటికొచ్చాం. అత్తమ్మ గడప ముందు మంచం మీద, నేను పక్కన అరుగులా ఉండే గద్దె మీద. గల్లీ ఎండిపోయి ఉంది. దుమ్ము. ఆకాశంలో చుక్కలు కూడా కనిపిస్తున్నాయి. దూరంగా, పడమటి వైపు మాత్రం ఒకటే మెరుపులు. చప్పుడు లేదు. ఎవరో పెద్ద గదిలో లైటు వేసి ఆర్పుతున్నట్టు... అంతే.

మా ఇంటికి ఎగువన, గల్లీ మొదట్లో ఖదీర్ భాయ్ ఇల్లు. వెల్డింగ్ పని చేస్తాడు. ఆయన తమ్ముడు సలీం లక్కగాజులు చేస్తాడు. ఆ వారం ఖదీర్ భాయ్ మామగారు బార్కస్ నుంచి వచ్చి కూతురింట్లో ఉన్నారు. చాలా పెద్దాయన. మేమంతా చాచా అంటాం. ఆయన వాళ్ల మేడ మీద కుర్చీ వేసుకుని పడమర వైపే చూస్తూ కూర్చున్నారు.

"చాచా, మనకు గూడ వాన పడ్తదంటరా? జర సల్లగయితది," అని కింద నుంచి అరిచాను.

ఆయన నవ్వలేదు.

"మస్తు పడుతుంది బేటీ అక్కడ. ఆ బండల మీద పడ్డ పానీ బండలు తాగవు గదా. ఎక్కడికి పోతది? మా దాదా చెప్తుండె... వాళ్ల అరబ్బు దేశంల పహాడ్ల మీద వాన పడితే, కింద ఇసుక నేలల ఎండిన వాగుకు వరదొస్తుండెనట. మీద చూస్తే చుక్కలు... కింద చూస్తే మౌత్... సావు."

"ఇది హైదరాబాద్ చాచా," అన్నాను.

అన్నానా... అంతలో గాలి మారింది.

ఒక్కసారిగా చల్లగాలి. దాంతో పాటు వాసన. తడి మట్టి వాసన కాదు. అడుగున ఎన్నాళ్ల నుంచో కుళ్లిన బురదను ఎవరో పారతో తిరగేసినట్టు. మా గల్లీ పైనుంచి ఒక నాలా వస్తుంది. ఖదీర్ భాయ్ ఇంటి దగ్గర మలుపు తిరిగి, ఇళ్ల వెనకగా మూసీకి పోతుంది. ఆ నాలా వైపు నుంచి చప్పుడు. గర... గర... గర... కంకర లారీ డబ్బా ఎత్తి ఒంపుతున్నట్టు. కానీ ఆ చప్పుడు ఆగడం లేదు. దగ్గరికి వస్తోంది.

మేడ మీద చాచా లేచి నిలబడ్డారు. ఆయన గొంతు అట్లా ఉంటుందని నాకు తెలియదు.

"పానీ ఆరా! పానీ! ఉప్పర్ ఆవ్! ఉరకండి!"

దఢేల్‌మని ఏదో కూలింది. నాలా గోడ. మలుపు దగ్గర గోడ పడిపోయి, నీళ్లు మలుపు తిరగకుండా తిన్నగా మా గల్లీలోకి వచ్చేశాయి.

మొదట కాళ్ల దగ్గర ఒక సన్నటి పాయ. ముందు గడ్డీ, చెప్పులూ, ప్లాస్టిక్ సంచులూ తోసుకుంటూ వచ్చింది. నేను ఇంకా చూస్తూనే ఉన్నాను. పిచ్చిదానిలా... వాన లేకుండా నీళ్లేంటి, అనుకుంటూ. అత్తమ్మను రెండు చంకల కింద పట్టి లేపేలోపు పిక్కల దాకా వచ్చాయి. గద్దె మీదికి ఎక్కించేలోపు మోకాళ్లు. మంచం లేచింది. తిరిగింది. పోయింది. స్తంభం మీద చిటపటమని నీలం మంట వచ్చి, బస్తీ మొత్తం కరెంటు పోయింది.

చీకటి. చప్పుడు. అంతే ఇక.

మాది ఒకటే అంతస్తు, రేకుల ఇల్లు. మెట్లు లేవు. కిటికీ ఊచలు పట్టుకుని గద్దె మీద నిలబడ్డాం. అత్తమ్మ కాళ్లు వణుకుతున్నాయి.

"నన్ను ఇడిసిపెట్టి పో బిడ్డా," అంది. "నా కొడుక్కు నువ్వన్న ఉండాలె."

"ఊకో అత్తమ్మా. గిప్పుడు గా మాటలా?"

"ప్రభువా... ప్రభువా..." అంటూనే ఉంది. గద్దె మీద కూడా నీళ్లు మోకాళ్లకు వచ్చాయి.

అప్పుడు టార్చి వెలుగు. చాచా మేడ మీద నుంచి వేస్తున్నారు. ఆ వెలుగులో ఖదీర్ భాయ్, సలీం... ఇళ్ల గోడలు పట్టుకుంటూ మా వైపు వస్తున్నారు. ఖదీర్ భాయ్ మా గద్దె దగ్గరికి వచ్చి వెనక్కి తిరిగాడు.

"పెద్దమ్మను నా వీపు మీద ఎక్కియ్యి. సలీం నా అంగీ పట్టుకుంటడు. నువ్వు సలీం చెయ్యి పట్టుకో. ఇడిసినవంటే అయిపాయె, సమజయిందా సుగుణమ్మా?"

అట్లా బయల్దేరాం. ముందు ఖదీర్ భాయ్, వీపు మీద అత్తమ్మ. ఆయన వెనక సలీం. సలీం వెనక నేను. అందరికంటే చివర నేను. నీళ్లు ఎదురుగా వచ్చి కొడుతున్నాయి. కుడి చెయ్యి సలీం చేతిలో ఉంది. ఎడమ చేత్తో పక్కింటి గోడ తడుముకుంటూ నడుస్తున్నాను.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి.

గోడ అయిపోయింది. పక్క సందు వచ్చింది. పట్టుకోవడానికి ఏమీ లేదు. నా ఎడమ చెయ్యి గాల్లో వెనక్కి పోయింది...

ఎవరో ఆ చెయ్యి పట్టుకున్నారు.

కేక పెట్టలేదు నేను. ఎందుకు పెడతాను? గల్లీలో ఇంకెవరో చిక్కుకున్నారు, మా వెనకే వస్తున్నారు, అనుకున్నాను. వెనక్కి చూసే వీలు లేదు. తల తిప్పితే కాళ్లు తేలిపోతున్నాయి.

"ఎవరూ? గట్టిగ పట్టుకో!" అని అరిచాను.

జవాబు లేదు. కానీ... పట్టు బిగిసింది. నా మాట విన్నట్టు.

నాలుగు వేళ్లు మణికట్టు పైన. బొటనవేలు కింద, నాడి దగ్గర. నాకు ఇప్పటికీ తెలుస్తుంది. ఆడదో మగవాడో చెప్పలేను. పిల్లల చెయ్యి మాత్రం కాదు.

ఇంకొంచెం ముందుకు వెళ్లాం. నా కాలి కింద నేల లేదు.

మ్యాన్‌హోల్ మూత లేచిపోయి ఉంది. సలీం దాన్ని తెలియకుండానే దాటేశాడు. నేను తిన్నగా అందులోకి దిగాను. నడుము... ఛాతీ... గడ్డం. లోపల్నుంచి నీళ్లు కాళ్లను పీల్చేస్తున్నాయి. ఎవరో కూర్చుని కిందికి లాగుతున్నట్టు. సలీం చేతిలోంచి నా కుడి చెయ్యి... జారింది. తడి సబ్బులా జారిపోయింది.

తల మునిగింది.

చప్పుడంతా ఆగిపోయింది. నిజంగా... ఏ చప్పుడూ లేదు. చెవుల్లో నా గుండె ఒక్కటే. అప్పుడు నన్ను ఈ లోకంలో పట్టి ఉంచింది ఒక్కటే. ఆ ఎడమ చెయ్యి. అది కదల్లేదు. అంత ప్రవాహంలో, నేలలో పాతిన రాటలా నిలబడింది. మెల్లగా... తొందర లేకుండా... నన్ను పైకి ఎత్తింది.

నా ముఖం నీళ్ల పైకి వచ్చింది. ఊపిరి అందింది. సలీం నా జడ దొరకబుచ్చుకుని, తర్వాత భుజం పట్టుకున్నాడు. "మిల్‌గయీ భాయ్! దొరికింది!" అని అరుస్తున్నాడు. నా కాళ్లకు మళ్లీ నేల తగిలింది.

అప్పుడు ఆ చెయ్యి నా మణికట్టును ఒక్కసారి నొక్కింది. ఇక పో, అన్నట్టు. తర్వాత వదిలింది. ఒక్కసారిగా కాదు. ఒక వేలు... ఇంకో వేలు... ఇంకోటి...

తిరిగి చూశాను. నల్లటి నీళ్లు. అంతే.

ఖదీర్ భాయ్ ఇంటి మెట్లు ఎక్కగానే నేను మొదట అన్న మాట, "వెనకాయన రాలేదు. వెనకాయనను పట్టుకోండ్రి!"

ఖదీర్ భాయ్ అత్తమ్మను దింపి నా వైపు చూశాడు. "ఎవరు వెనకాయన?"

"నా వెనక... నా చెయ్యి పట్టుకున్నరు గదా!"

సలీం తల అడ్డంగా ఊపాడు. "వదినా, మీ వెనక ఎవ్వరు లేరు. మీరే ఆఖరు."

"కేబుల్ వైరో, చీర గుడ్డో చుట్టుకుని ఉంటది. గసుంటప్పుడు మనకేం తెలుస్తది?" అన్నాడు ఖదీర్ భాయ్.

వైరు నొక్కుతుందా? వైరు వేలు వేలుగా విడుస్తుందా? నేను అడగబోతున్నాను. అంతలో పై మెట్ల మీద నుంచి చాచా దిగి వచ్చారు. చేతిలో టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది. మమ్మల్ని ఒక్కొక్కరినీ వెలుగు వేసి చూశారు. ఖదీర్‌ను. అత్తమ్మను. సలీంను. నన్ను. తర్వాత నా వెనక ఖాళీ మెట్ల మీద వెలుగు వేసి, అక్కడే ఆపేశారు.

"పాంచ్‌వా కిధర్ హై?" అన్నారు. "ఐదోవాళ్లేరి?"

ఖదీర్ భాయ్ భార్య నాకు తువ్వాలు ఇవ్వబోతున్నది కాస్తా అట్లాగే నిలబడిపోయింది.

"అబ్బాజాన్, నలుగురమే," అన్నాడు ఖదీర్ భాయ్. "ఒచ్చింది నలుగురమే."

"నేను ఉప్పర్ నుంచి చూసిన. లైటు నేనే వేసిన. ఈ బేటీ వెనక ఒకరు నడిచిండ్రు. తల వంచుకుని ఉండె."

చాచా కళ్లకు శుక్లాలున్నాయి. ఆ మాట ఖదీర్ భాయ్ నాకు తర్వాత చాటుగా చెప్పాడు. అయినా ఆ క్షణాన ఖదీర్ భాయ్ కూడా ఆగలేదు. సలీంను తీసుకుని, నడుముకు తాడు కట్టుకుని మళ్లీ నీళ్లలోకి దిగాడు. సందు దాకా వెళ్లి అరిచారు. "ఎవరన్నా ఉన్నరా? కోయీ హై?" నేను మెట్ల మీద కూర్చుని వింటున్నాను. వాళ్ల గొంతులు తప్ప ఏమీ రాలేదు.

తెల్లారేసరికి నీళ్లు తీశాయి. అంత తొందరగా వచ్చినవి, అంత తొందరగానే పోయాయి. గల్లీ నిండా బురద, ఎక్కడివో గుండ్రాళ్లు. మా ఇంట్లో బియ్యం డబ్బా నుంచి బట్టల దాకా ఏమీ మిగల్లేదు. అది వేరే ఏడుపు. నేను ముందు ఇంటింటికీ తిరిగాను. "మీ ఇంట్ల అందరున్నరా? సుట్టాలెవరన్న ఒచ్చిండ్రా?" అందరూ ఉన్నారు. చివరి ఇంటికి తాళం. వాళ్లు ఎండాకాలం ఊరికి పోయారు. ఫోన్ చేస్తే అందరూ ఎత్తి మాట్లాడారు. కానిస్టేబుల్ వచ్చి రాసుకున్నాడు. మా మనిషి కనబడటం లేదని ఎవరూ రాలేదు. నాలా వెంట మూసీ దాకా వెతికారు. ఏమీ దొరకలేదు. మణికట్టు మీద మచ్చ ఉందా అని అందరూ చూశారు. నా ఒంటి నిండా గీతలే. ఏది దేనిదో ఎవరు చెప్పగలరు?

మా పాస్టరమ్మ దేవదూత అంది. దుకాణంలో ఆడవాళ్లు ఎప్పుడో ఆ నాలాలో పోయినవాళ్లెవరో అన్నారు. మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. రాత్రిళ్లు నా ఎడమ చెయ్యి పట్టుకుని పడుకోబోతే నేనే లాక్కున్నాను.

చాచా బార్కస్ వెళ్లిపోయే ముందు మా ఇంటికి వచ్చారు. బురద కడుగుతున్నాను. గుమ్మం దగ్గర నిలబడి నెమ్మదిగా అడిగారు.

"బేటీ... ఆ చెయ్యి. సల్లగ ఉండెనా, వెచ్చగ ఉండెనా? సచ్చినోళ్ల చెయ్యి వెచ్చగ ఉండదు."

అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నాకు నేను కూడా వేసుకోలేదు. చీపురు వదిలేసి ఆలోచించాను. నీళ్లు వడగళ్లు కరిగిన నీళ్లలా ఉన్నాయి ఆ రాత్రి. సలీం చెయ్యి చల్లగా ఉంది. అత్తమ్మ కాళ్లు చల్లగా ఉన్నాయి. నా పెదాలు కొట్టుకుంటున్నాయి...

"వెచ్చగ ఉండె చాచా," అన్నాను.

ఆయన రెండు అరచేతులూ ఎత్తారు. పెదాలు కదిలాయి. ఏదో దువా చదువుకున్నారు. నా కోసమో... ఇంకెవరి కోసమో... అడిగే ధైర్యం నాకు రాలేదు.