వాన కబురులో పాప ఏడుపు

రాడార్ చూసే వాతావరణ నిపుణులు పంపే హెచ్చరికను రైతుల మాటల్లోకి మార్చి, నా గొంతుతో రికార్డు చేసి వాళ్ల ఫోన్లకు కాల్‌గా పంపడం నా పని. ఆ మధ్యాహ్నం నాంపల్లి ఆఫీసుకు వెళ్లలేదు. జ్వరంతో ఉన్న పాపను ఒళ్లో వేసుకుని, ఆబిడ్స్‌లోని మా కిరాయి ఇంటి నుంచే పని చేస్తున్నాను. కాసేపట్లో మా ఊరివైపు రాళ్లవాన అని హెచ్చరిక వచ్చింది. పాపకు కునుకు పట్టగానే రికార్డు చేసి పంపాను. కొనుగోలు కేంద్రంలో వడ్లు ఆరబోసిన మా బాపుకు విడిగా ఫోన్ చేసి, ఆ కబురు విన్నావా అని అడిగాను.

“గా ఫోనా? నమస్కారం అనంగనే కట్ చేసిన. ఏదో అమ్మే కంపెనోళ్లు అనుకున్న. గీడ అందరం గంతే.”

“అది నేనే బాపు. వానొస్తుంది, వడ్లు కప్పుండ్రి. అందరికీ చెప్పు.”

“గింత ఎండల చెప్తె నవ్వుతరు బిడ్డా.”

ఈసారి నమస్కారం తీసేసి, వానతోనే మొదలుపెట్టి మళ్లీ రికార్డు చేశాను. మధ్యలో పాప లేచి గుక్కపట్టింది. మళ్లీ చెప్పే సమయం లేక అలాగే పంపేశాను.

తర్వాత బాపు చాలాసేపు ఫోన్ ఎత్తలేదు. ఎత్తేసరికి వెనుక గాలి హోరు, టార్పాలిన్లు గుంజుతున్న అరుపులు.

“ఎవ్వలు కట్ చెయ్యలే. కంపెనోళ్ల ఫోన్ల పిల్లలు ఏడ్వరు గద. పాపకేమైంది?”

జ్వరమని చెప్పేలోపే రాళ్ల చప్పుడులో ఫోన్ ఆగిపోయింది.