రొయ్యల గట్టు మీద అట్లాంటిక్

మా చెల్లెలు కుమారి ఫోన్ చేయకపోతే నేను ఆ సెమినార్‌కి వెళ్ళేదాన్నే కాదు. రాజమండ్రిలో డిగ్రీ పిల్లలకు చాలా ఏళ్ళుగా రాజనీతిశాస్త్రం చెబుతున్నాను. "ఆర్థిక సంక్షోభంలో యూరప్, అమెరికా సహకారం" అంటూ భీమవరంలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు ఆహ్వానం పంపితే చదివి పక్కన పడేశాను. సంక్షోభం మనది, సహకారం వాళ్ళది, మధ్యలో నాకేం పని?

"అక్కా, ఆ మీటింగ్‌కి యూరప్ నించి ఎవరో పెద్దాయన వస్తున్నాడంట. మా రొయ్యల్ని ఉంచమంటాడో పట్టెయ్యమంటాడో కనుక్కో" అంది కుమారి.

నేను నవ్వాను. అది నవ్వలేదు.

ఆకివీడు వైపు దానికో రొయ్యల చెరువుంది. అమెరికా సుంకం పెంచగానే ఇక్కడ రేటు కూలింది. మన దేశం రష్యా నూనె కొందట, శిక్ష రొయ్యకట. "యూరప్ వాళ్ళు కొంటారంటండి, కాస్త ఆగండి" అని కొనుగోలు ఏజెంటు చెప్పి వెళ్ళాడు. రొయ్యలు మాత్రం ఆగవు. అమావాస్య వచ్చిందంటే పెంకు విడుస్తాయి, ఒళ్ళు మెత్తబడుతుంది. మెత్తరొయ్య కాటా ఎక్కితే దాన్ని అడిగేవాడు ఉండడు. ఇంకో మూడు రోజుల్లో అమావాస్య. ఆగితే అదీ, పట్టేస్తే అమెరికా. మధ్యలో నా చెల్లెలు.

మర్నాడు ఉదయం ఆరున్నరకు రాజమండ్రిలో పాసింజరు ఎక్కాను. మీరూ వెళ్ళదలుచుకుంటే కాస్త ముందుగా స్టేషనుకు చేరండి, కాలేజీ పిల్లలు ఎక్కాక కూర్చునే చోటు దొరకదు. టికెట్టుకు పర్సులో చిల్లర సరిపోతుంది. గోదావరి దాటాక కొవ్వూరు, ఆ తర్వాత నిడదవోలు. అక్కడ ఇడ్లీ పొట్లం విప్పుతుంటే ఎదురుసీటావిడ జరిగి చోటిచ్చింది. పేరు నూకరత్నం. రొయ్యల తలలు తీసే షెడ్డులో పనిచేస్తుందట.

"అమెరికా వాళ్ళు రొయ్యలు తినడం మానేశారాండీ?" అని అడిగింది.

"మానలేదు. పన్ను వేశారు."

"ఎవరి మీదండీ?"

"వాళ్ళు కొనుక్కునే రొయ్య మీద."

"వాళ్ళు తినేదానికి వాళ్ళే పన్నేసుకుంటే, మా షెడ్డు వారంలో మూడ్రోజులే తెరవడమేంటండి?"

తణుకు దాటి అత్తిలి వచ్చేదాకా వివరించాను. అంతా విని, "మీరు అమెరికా వాళ్ళ తరపునాండీ?" అంది అనుమానంగా. అంత నష్టం జరిగాక నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

పది కాకముందే భీమవరంలో దిగి, షేర్ ఆటోలో కాలేజీకి చేరాను. చలి పుట్టించే ఏసీ హాలు. వేదిక మీద యూరప్ పెద్దాయన, వెనక తెర మీద అమెరికా ఆయన. ఒకరినొకరు పొగుడుకోవడానికే పూటంతా పట్టింది. "వాణిజ్యంలో మా మధ్య వచ్చింది ఇంటి గొడవ. ఇంట్లోనే సర్దుకున్నాం" అన్నాడు పెద్దాయన. నిజమే, సర్దుకున్నారు. వాళ్ళ సరుకు మీద తక్కువ సుంకం, మన సరుకు మీద బండెడు. రష్యా గ్యాస్ యూరప్ కూడా కొంటోంది కదా అని ఎవరో కుర్రలెక్చరర్ గొణిగితే, "దశలవారీగా తగ్గిస్తున్నాం" అన్నాడు.

లేచి మైకు తీసుకున్నాను. "మీరు కొంటే దశలవారీగానూ, మేం కొంటే వెంటనేనూనా?" అని అడిగాను.

మంచి ప్రశ్న అని మెచ్చుకున్నాడు. వెంటనే ఇంకెవరైనా చెయ్యెత్తారా అని హాలంతా వెతికాడు.

"సరే, ఇంకోటి. మా చెల్లెలి చెరువులో రొయ్యలున్నాయి. ఉంచమంటారా, పట్టమంటారా?"

హాలంతా నవ్వింది. నేను జోకు వేయలేదు.

"మధ్యకాలికంగా చూస్తే యూరప్ మీకు మంచి మార్కెట్" అన్నాడాయన.

"మధ్యకాలం అంటే ఎంత?"

"రెండు మూడేళ్ళు."

"రొయ్య ఆయుష్షు నాలుగు నెలలండీ" అన్నాను. ప్రిన్సిపాల్ గారు గబగబా లేచారు. "మేడం, భోజనాలు చల్లారిపోతాయి."

భోజనంలో రొయ్యల వేపుడు. పెద్దాయన రెండోసారి వడ్డించుకున్నాడు. నా పక్కనున్నాయన సంబరంగా, "ఇప్పుడు చవగ్గా వస్తున్నాయి మేడం, అందుకే మెనూలో పెట్టించాం" అన్నాడు. ఎవరి నెత్తిన చవకో ఆయనకి అక్కర్లేదు. పళ్ళెం పక్కన పెట్టి వరండాలోకొచ్చి కుమారికి ఫోన్ చేశాను.

"ఆగకు. రేపే వల వేయించు."

"ఏమన్నాడేంటి?"

"రెండేళ్ళు ఆగమన్నాడు."

"రెండేళ్ళకా? అప్పటికి మునిమనవల్ని ఎత్తుతాయి" అని పెట్టేసింది.

సాయంత్రం బస్సులో ఆకివీడు, అక్కణ్ణించి ఆటో. పడక చెల్లెలింట్లోనే, కాబట్టి లాడ్జీల సంగతి నన్నడగకండి. చెరువు పక్కన పడుకోవాల్సి వస్తే మాత్రం చెవుల్లో పెట్టుకోవడానికి దూది తీసుకెళ్ళండి. నీళ్ళు చిలికే ఏరేటర్లు తెల్లార్లూ మోగుతూనే ఉంటాయి.

తెల్లవారగానే వల దింపారు. ఏజెంటు కాటా దగ్గర నిలబడి ప్రతి బుట్టలోనూ చెయ్యి పెట్టి నొక్కి చూస్తున్నాడు. చాలావరకు గట్టివే. కొన్ని అప్పుడే మెత్తబడ్డాయి. వాడి మాట విని ఆగినందుకు కట్టిన సుంకం అది.

మా వైపు చెరువు పట్టే రోజున గట్టు మీదకొచ్చినవాళ్ళు ఖాళీ చేతుల్తో వెళ్ళరు. పరిచయం ఉండాలని లేదు. దోసెడో రెండు దోసెళ్ళో కూరకి పోస్తారు. ఆ రోజూ పాతికమంది దాకా గిన్నెలతో, కవర్లతో నిలబడ్డారు. కుమారి పోస్తూనే ఉంది.

ఏజెంటు ఉండబట్టలేకపోయాడు. "ఈ రేట్లలో పంపకాలేంటండి అమ్మగారూ? పోనీ మెత్తవి పంచండి, గట్టివి ఇటు పంపండి."

కుమారి పైట నడుముకి బిగించింది. "రేటు అమెరికాది. సరే, ఒప్పుకున్నాను. గట్టు నాది. నా గట్టెక్కినోళ్ళకి మెత్తవి పొయ్యను."

మెత్తవాటిని ఏరి, ఆ బుట్ట తానే తీసుకెళ్ళి కాటా మీద పెట్టింది. "నువ్వేగా ఆగమన్నావు. ఇవి నీ వాటా."

వాడు నావైపు చూశాడు. నేను అప్పటికే చెరువు వైపు తిరిగాను.

"మళ్ళీ రొయ్యపిల్ల వేస్తావా?" అని అడిగాను లారీ వెళ్ళాక.

"ముందు చెరువు ఎండనీ అక్కా" అంది.

మధ్యాహ్నం భీమవరంలో తిరుగు బండి ఎక్కాను. ఒళ్ళో స్టీలు క్యాను, దాన్నిండా ఐసూ రొయ్యలూ. తణుకు దగ్గర నీళ్ళు కారి పక్కాయన చెప్పులు తడిశాయి. "రొయ్యలాండీ? చవకంట కదా" అన్నాడు. అతనికేం చెప్పానో ఇక్కడ రాయను.

గోదావరి మీదకొచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఇంటి గొడవ, ఇంట్లోనే సర్దుకున్నాం అన్నాడు ఆ పెద్దాయన. సర్దుకున్న చోట మాకు మెత్తవైనా పెట్టలేదు. అదే మనిషి ఇవాళ పొద్దున్న ఆకివీడులో మా గట్టు మీద ఊరికే వచ్చి నిలబడి ఉంటే, ఎవరివని కూడా అడక్కుండా, కుమారి అతనికీ దోసెడు గట్టివే పోసేది.

అదే నా కోపం.