సుభాన్ గోటి పరీక్ష

టైరు కొనేటప్పుడు దాని మీది గాడులు ఎంత లోతున్నాయని అందరూ చూస్తారు. సుభాన్ మాగ్రే మాత్రం రబ్బరులోకి బొటనవేలి గోరు దింపి చూసేవాడు. చలికి బిగిసిపోయే రబ్బరుకు గాడులుండి ఏం లాభం? మంచు మీద అది బండరాయితో సమానం. అందుకే టైర్లను రాత్రంతా ఆరుబయట పడేసి, తెల్లారాక నొక్కేవాడు. జోజీలా కనుమ ఎక్కే లారీవాళ్లు కొండ కింద గుండ్ ఊళ్లో అతని టైర్ల కొట్టు దగ్గర ఆగనిదే ముందుకు కదిలేవారు కాదు. ఇరవయ్యారేళ్లలో ఆ నియమం ఒక్కసారే తప్పింది. ఆ ఒక్కసారే కొంప ముంచింది.

మంచుకు కనుమ దారి మూసే రోజులు. మంచువాన పడుతోందని కొత్త టైర్లన్నీ లోపల పొయ్యి పక్కన దొంతరపెట్టి, జ్వరంతో కంబళి కప్పుకుని కూర్చున్నాడు సుభాన్. మధ్యాహ్నం కుర్ర డ్రైవరు బషారత్ చెచీ లారీ ఆగింది.

"కాకా, వెనక టైర్లు మార్చు. రేపు పొద్దున్నే కనుమ అవతల ద్రాస్‌కు బియ్యం తీసుకెళ్లాలి."

సుభాన్ కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాచి ఓ టైరును నొక్కాడు. గోరు ఇట్టే దిగింది.

"వెన్నలా ఉంది. వేసుకో."

"బయటపెట్టి చూడవా?"

"నీకు మీసం మొలవకముందు నుంచీ టైర్లు ఏరుతున్నాన్రా. నాకే నేర్పుతావా?"

బషారత్ నవ్వేశాడు. విప్పిన పాత టైర్లు కొట్టు బయటే వదిలేసి వెళ్లాడు. వాన వెలిశాక సుభాన్ మిగిలిన కొత్తవి రెండూ బయటికి దొర్లించాడు.

మర్నాడు పొద్దున అలవాటుగా వాటిని నొక్కాడు. గోరు విరిగింది గానీ రబ్బరు లొంగలేదు. అనుమానంతో, బషారత్ వదిలేసిన పాత టైరునూ నొక్కి చూశాడు. మెత్తగా దిగింది. నిన్నటి మెత్తదనం రబ్బరుది కాదు, పొయ్యి సెగది. సుభాన్ దొరికిన బండెక్కి, కనుమ దారి మొదట్లో ఉన్న సోన్‌మార్గ్ గేటు దాకా పరుగుతీశాడు. లారీ అప్పటికే కొండెక్కింది. అక్కడ ఫోను పలకదు.

సాయంత్రానికి కబురొచ్చింది. మలుపులో వెనకభాగం జారి లారీ లోయలో పడింది. బషారత్ దక్కలేదు. కొండ మింగేసిందని ఊరంతా అనుకుంది. సుభాన్‌ను ఎవరూ ఒక్కమాట అనలేదు. అదే అతన్ని ఎక్కువ తినేసింది.

వసంతంలో కనుమ తెరిచారు. బషారత్ తండ్రి లాల్‌దీన్ చిన్నకొడుకు నడపబోయే లారీ తీసుకుని కొట్టు దగ్గరికి వచ్చాడు.

"సుభాన్ భాయ్, చిన్నోడి బండికీ నువ్వే టైర్లు ఏరిపెట్టు. ఇంకొకరి మాట నేను నమ్మను."

సుభాన్ దాచలేకపోయాడు. పొయ్యి సంగతి, జ్వరం సంగతి, తన పొగరు సంగతి అన్నీ చెప్పేశాడు. "నీ కొడుకును చంపింది కొండ కాదు, నేను."

లాల్‌దీన్ వెనక్కి నడిచి లారీ తలుపు తీశాడు.

"ఈ మాట వాడి తల్లి చెవిన పడనీకు," అన్నాడు. "టైర్లు నువ్వే చూశావని వాడు ఫోనులో చెప్పాకే, వాడు కొండెక్కే ముందు రాత్రి అది కంటినిండా నిద్రపోయింది."

టైర్లు మార్పించకుండానే లారీ ఎక్కి వెళ్లిపోయాడు.