నత్తలకు పెట్టిన మేత

మా మేనత్తను అందరూ నత్తలత్త అనేవారు. పశువుల జబ్బుల పరిశోధనశాలలో గాజుతొట్లలో నత్తలను పెంచడం ఆమె ఉద్యోగం. ఇంటికొచ్చినా నత్తల గోలేనని అమ్మ తల కొట్టుకునేది.

నాన్న గొర్రెలకు కాలేయపు పురుగు పట్టింది. దవడ కింద నీరు దిగి, మేత ముట్టక ఒక్కొక్కటే రాలిపోయాయి. మందు తాగిస్తే కోలుకునేవి, కుంట గట్టున గడ్డి మేసి మళ్లీ జబ్బు తెచ్చుకునేవి. ఆ పురుగు పిల్లదశలో కుంటలోని నత్తల ఒంట్లో పెరిగి, బయటికొచ్చి గడ్డికి అంటుకుంటుందని అత్త చెప్పింది. అప్పటికి చూలుతో ఉన్న గొర్రె ఒక్కటే మిగిలింది.

అత్త ఆకుల సారం, బెరడు పొడి జిగురులో కలిపి, చిన్న ఉండలు చేసి కుంటలో కొద్దికొద్దిగా వేసేది. నత్తలు వాటిని తిని దర్జాగా పాకుతూనే ఉండేవి.

"అక్కా, వీటికి మందు పెడుతున్నావా, విందు పెడుతున్నావా?" అన్నాడు నాన్న.

"చావాల్సింది నత్త కాదురా, దాని లోపలున్నవి. కాస్త ఓపిక పట్టు."

ఓపికకూ నాన్నకూ ఆమడ దూరం. అత్త పనికెళ్లాక ఉండలన్నీ ఒకేసారి కుంటలో కుమ్మరించాడు. తెల్లారేసరికి చేపలు చచ్చి తేలాయి. ఘాటుకు తాళలేక నత్తలు గట్టెక్కి గడ్డిలో దూరాయి. చేపలు పట్టుకునేవాళ్లు గుమ్మం ముందు నిలబడి నానా మాటలన్నారు. అత్త వచ్చి చచ్చిన చేపలను ఏరసాగింది. నాకు మాత్రం నాన్న మీద ఒళ్లు మండిపోయింది.

ఈసారి తాగించిన మందు పనిచేయక, ఈనిన కొన్నాళ్లకే ఆ గొర్రె కూడా పోయింది. దాని కాలేయంలో ఎప్పుడో చేరిన పురుగును నత్తలకు పెట్టే మేత ఏం చేయగలదు? నాన్న పిల్లను ఒళ్లో పెట్టుకుని బావురుమన్నాడు. దాన్ని కుంట వైపు పోనివ్వక, ఎండుగడ్డి వేసి, కుళాయి నీళ్లు పట్టి పెంచాడు.

నత్తలు తిరిగి కుంటలోకి దిగాక, అత్త మళ్లీ కొద్దికొద్దిగా ఉండలు వేయడం మొదలుపెట్టింది. వేసవికి గట్టున గడ్డి, దానికి అంటుకున్న పురుగుతో సహా మాడిపోయి, వానలకు కొత్తది మొలిచింది. ఒక పొద్దున ఆమె నత్తలను పట్టి, గ్లాసుల నీళ్లలో వేసి ఎండలో పెట్టింది. పురుగున్న నత్త వెలుతురుకు పిల్లపురుగులను వదులుతుంది. ఇదివరకు ప్రతి గ్లాసులోనూ సన్నటి దుమ్ములా కదిలేవి. ఇప్పుడు ఒక్క గ్లాసులోనే కాసిని కనిపించాయి. అవీ ఈదలేక అడుక్కి దిగిపోయాయి.

"అంటే ఇంక లేనట్టేనా అక్కా?"

"లేవని అబద్ధం చెప్పలేనురా. ఉన్నవాటికి మునుపటి బలం లేదు."

నాన్న గ్లాసును వెలుతురుకు ఎత్తి చూశాడు. తర్వాత పిల్లను గట్టు మీదికి తోలుకొచ్చి, మెడతాడు వదులు చేశాడు. అది పచ్చగడ్డిలో మూతి పెట్టింది.

అత్త నా చేయి పట్టుకుంది. తాడు వైపు ఒక అడుగు వేసి ఆగింది. నాన్న అది చూశాడు. అయినా తాడు వెనక్కి లాగలేదు.